తిరగేసి గీసిన పెళ్ళిపందిరి

పెళ్ళిళ్ళలో నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "ఆప్ లడ్కీవాలే యా లడ్కేవాలే?" ఆడపెళ్ళివారా, మగపెళ్ళివారా అని. "డెకరేషన్‌వాలే" అంటాను. అడిగినవాళ్ళు "అచ్ఛా" అని, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమో చూసుకుంటూ వెళ్ళిపోతారు. ఇంటర్న్‌షిప్ మొదట్లో ఈ ప్రశ్న విన్నప్పుడల్లా డైరీలో ఒక గీత పెట్టేదాన్ని. పేజీ నిండాక మానేశాను.

అంతకుముందు, హిందీ మాట్లాడే మా ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళోనే, సాక్చీలో ఒక మేడ మీద డెకరేషన్‌లో ఏడాది డిప్లొమా చేశాను. ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుంది, గుడ్డను ఎలా మడిస్తే జారదు, ఎండలో ఏ పువ్వు ఎంతసేపు వాడకుండా ఉంటుంది, కుర్చీల వరసల మధ్య ఎంత దారి వదలాలి, ఇవన్నీ నేర్పారు. నాకు అన్నిటికన్నా నచ్చింది లేఔట్ గీయడం. స్కేలు పెట్టి, పెళ్ళిని పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో కాగితం మీద గీయడం. పైనుంచి చూస్తే మనుషులు చిన్న చిన్న సున్నాలు. సున్నాలతో మాట్లాడక్కర్లేదు.

క్లాసులో మిగిలినవాళ్ళు గుంపుగా చాట్ తినడానికి వెళ్ళేవారు. మొదట్లో నన్నూ పిలిచారు. నేను రెండుసార్లు ఏదో వంక చెప్పాను. మూడోసారి ఎవరూ పిలవలేదు. పిలుస్తారేమోనని బ్యాగు సర్దుకుని, జిప్పు పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టి కూర్చున్నది మాత్రం బాగా గుర్తుంది.

డిప్లొమా అయ్యాక భాలుబాసాలో ఒక డెకరేషన్ సంస్థలో మూడు నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. కింద గోడౌను, పైన ఆఫీసు. పైన మేడమ్. ఆవిడ మాట వేగం, నడక వేగం. తప్పు చేస్తే అరవదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెడుతుంది. ఆ అద్దాలు బల్ల మీద ఎంతసేపుంటే అంత పెద్ద తప్పన్నమాట. కింద గోడౌను దాదాది. ఇనుప ఫ్రేముల మీద గుడ్డ, గుడ్డ మీద పువ్వు కట్టించే బెంగాలీ పెద్దాయన. నా వయసుకి రెండింతల ఏళ్ళుగా ఇదే పని ఆయనది. నా డ్రాయింగును దూరంగా పట్టుకుని చూసి, "కాగితం మీద గాలి వీచదు కదా" అని హిందీలో నవ్వేవాడు. మధ్యాహ్నం నేను మెట్ల మీద ఒక్కదాన్నే డబ్బా విప్పుకుని తినేదాన్ని. ఆయన కిందనుంచి పైకి వెళ్ళేటప్పుడు, నేను జరగక్కర్లేకుండా గోడకి ఆనుకుని వెళ్ళేవాడు.

మూడు నెలలు నిండాక మేడమ్ ఉంచుకుంటే ఉద్యోగం. ఉంచుకోకపోతే ఏమిటన్నది మా నాన్న ముందే ఖాయం చేసేశాడు. ఆయన ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేన్ నడుపుతాడు. ఆ కాంట్రాక్టరు ఆఫీసులోనే కూలీల హాజరు కంప్యూటర్లోకి ఎక్కించే పని ఖాళీగా ఉంది.

"గేట్‌పాస్‌కి నీ ఫోటో ఇచ్చీసినాను," అన్నాడు ఒకనాడు అన్నం కలుపుకుంటూ. "పువ్వుల పనేటి, సీజనున్నన్నాళ్ళే. తర్వాతేటి సేత్తావు?"

"దేఖ్‌తే హై, పాపా," అన్నాను, చూద్దాంలే అన్నట్టు.

మా ఇంట్లో ఇలాగే. అమ్మా నాన్నా తెలుగులో అడుగుతారు, నేను హిందీలో చెబుతాను. బారిడీహ్‌లో మా లైనులో ఉన్న తెలుగు పిల్లలందరూ అంతే. కాకపోతే నాకొక రహస్యం ఉంది. అమ్మ నేర్పిన అక్షరాలతో, ఎవరో ఊరు మారుతూ మా ఇంట్లో వదిలేసిన ఒక పెట్టెడు తెలుగు పుస్తకాలు చదివేశాను. డైరీ తెలుగులోనే రాస్తాను. కానీ ఎవరైనా ఎదురుగా తెలుగులో పలకరిస్తే పుస్తకాల తెలుగు నోట్లోకి రాదు, ఇంట్లో విన్న తెలుగు బయటికి రావడానికి సిగ్గు. మధ్యలో హిందీ వచ్చి ఆదుకుంటుంది.

మూడో నెలలో బిర్సానగర్ నుంచి ఒక తెలుగు పెళ్ళి వచ్చింది.

"నువ్వు తెలుగే కదా. ఈ పెళ్ళి నీది," అంది మేడమ్. "మీటింగు నువ్వే, లేఔట్ నువ్వే, సైటులో నువ్వే. పార్టీ సంతోషంగా ఉంటే నువ్వుంటావు."

ఆ రాత్రి నోటుబుక్కులో ఇరవై రెండు ప్రశ్నలు రాసుకున్నాను. మర్నాడు ఆ ఇంటికి వెళ్తే పెళ్ళికొడుకు నాన్నమ్మ గడప దగ్గరే కూర్చుని ఉంది. ఆ ఇంట్లో మాటంతా ఆవిడదే. కొడుకు, కోడలు ఆవిడ వెనక నిలబడ్డారు.

"తెలుగు గుంటవేనటగా? ఏ ఊరు మీది?" అంది.

"బారిడీహ్," అన్నాను.

"ఓలమ్మ, అది ఊరేటే! మీ అమ్మా నాన్నలది ఏ ఊరని."

"శ్రీకాకుళం సైడ్ సే," అన్నాను.

ఆవిడ కోడలి వైపు తిరిగింది. "సూసినావా, శీకాకుళం కూడా హిందీలోనే సెప్తంది!"

అందరూ నవ్వారు. అది ఎగతాళి కాదు, ముద్దుగానే నవ్వారు. అయినా నా చెవులు కాలిపోయాయి. ఇరవై రెండు ప్రశ్నల్లో ఆరు అడిగాను. ఎంతమంది వస్తారు, ముహూర్తం ఎన్ని గంటలకి, ఏ రంగులు, మండపం ఎటు తిరిగి ఉండాలి, భోజనాలు కూర్చోబెట్టా నిలబెట్టా, కరెంటు ఎక్కడినుంచి. ఏడో ప్రశ్న దగ్గర ఆవిడ మళ్ళీ నా ముఖంలోకి చూసేసరికి నోటుబుక్కు మూసేశాను. మిగిలిన పదహారు ఇంటర్నెట్ బొమ్మలు చూసి పూరించుకున్నాను. అరటి బోదెలు, కొబ్బరాకులు, బంతిపూల తెరలు, అడ్డుతెర కట్టే కమ్మీలు. అవన్నీ దొరికాయి.

పెళ్ళి ఆ ఇంటి పక్క మైదానంలోనే. మైదానానికి ఒక చివర పెళ్ళికొడుకు ఇల్లు. రెండో చివర పెద్ద రోడ్డు. నేను లేఔట్ గీశాను. అప్పటికి చూసిన పెళ్ళిళ్ళన్నిటిలోనూ ముఖ్యమైన ఘట్టం బరాత్. మగపెళ్ళివారు ఊరేగుతూ రావడం, ఆడపెళ్ళివారు దండలతో వరస కట్టి నిలబడి వాళ్ళని లోపలికి తీసుకెళ్ళడం. కాబట్టి పూలద్వారం పెళ్ళికొడుకు వచ్చే వైపు, అంటే ఇంటి వైపు పెట్టాను. అక్కణ్ణుంచి మండపం దాకా ఎర్ర తివాచీ. ద్వారం పక్కనే మగపెళ్ళివారు అలసట తీర్చుకోవడానికి సోఫాలతో, కూలర్లతో ఒక గది. రోడ్డు వైపంతా గుడ్డగోడ. దాంట్లో వంటవాళ్ళ బండి దూరడానికి ఒక సందు. ఆ సందు పక్కన పొయ్యిలు, గిన్నెలు కడిగే తొట్టెలు, వాటి వెనక పెళ్ళికూతురి గది. మండపానికి వెనకవైపునుంచి దగ్గర దారి అని అక్కడ పెట్టాను. దాని గురించి ఇంతకంటే ఆలోచించలేదు.

మేడమ్ చూసి, "గుడ్," అంది. అద్దాలు తీయలేదు.

ముహూర్తం పొద్దున. పందిరి పని ముందురోజు మధ్యాహ్నానికల్లా దాదాపు అయిపోయింది. పూలద్వారం లేచింది. ఒక మూల నిలబడి నేను గీసిన గీతలన్నీ నిలువుగా లేచి నిలబడటం చూస్తున్నాను. ఎండ మండిపోతోంది. ఎవరికైనా చూపించాలనిపించింది. ఫోన్లో పేర్లన్నీ కిందికి జరిపి, మళ్ళీ పైకి జరిపి, జేబులో పెట్టేసుకున్నాను.

రెండున్నరకి నాన్నమ్మగారు చేతికర్రతో వచ్చింది. ద్వారం కింద నిలబడి ఇంటి వైపు చూసింది, రోడ్డు వైపు చూసింది.

"బాగుందమ్మా గుమ్మం. ఇదెవురికి?"

"దూల్హే కే లియే," అన్నాను.

"నా మనవడికా? ఈ ఇంట్లోంచి ఆ పందిట్లోకి రావడానికి ఆడు గుర్రమెక్కాలేటే?" అని నవ్వింది. నవ్వుతూనే కర్రతో గుడ్డగోడ చూపించింది. "మరి పెళ్ళికూతురోలు ఎటు వత్తారు?"

నాకు అర్థం కాలేదు. వాళ్ళు వస్తారేమిటి?

"ఐదు గంటల బండికి దిగుతారు. టేసన్ నుంచి ఇటే రోడ్డంటా వత్తారు. మనకి పెళ్ళి మగోలింటి కాడే గదా! పిల్లని తీసుకుని ఆలే వత్తారు, మనం ఎదురెల్లి తీసుకొత్తాం. నీకు తెల్దా?"

ఒక్కసారిగా ఆ కాగితమంతా నా కళ్ళ ముందు గిర్రున తిరిగింది. ఈ ఇంటివాళ్ళే మమ్మల్ని పిలిచి మాట్లాడుకున్నారంటే, అమ్మాయివాళ్ళది దూరం కాబట్టి ఖర్చు వీళ్ళు పెట్టుకుంటున్నారనుకున్నాను. పెళ్ళి జరిపించేదే వీళ్ళని అనుకోలేదు. ఎక్కడో పలాస దగ్గరినుంచి ఆ అమ్మాయి తన మనుషులందరితో రైలెక్కి, పరాయి ఊళ్ళో దిగి, ఇక్కడ గుడ్డగోడ సందులోంచి, పొయ్యిల పక్కనుంచి, తొట్టెల్లోంచి పారే నీళ్ళు దాటుకుంటూ పెళ్ళికి రావాలి. అలా గీసింది నేను.

దాదా నా పక్కకి వచ్చి, పెదవులు కదలకుండా హిందీలో అన్నాడు. "మా మనుషులు కాగితం తిరగేసి పట్టుకున్నారని చెప్పు. తప్పు నా మీద వేసుకుంటాను. నాకేం పోదు."

నిజంగా చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. నాన్నమ్మగారు తల ఎత్తి నన్నే చూస్తోంది. ఆ కళ్ళలో కోపం లేదు, తెలుసుకుందామన్న కుతూహలమే ఉంది.

"నాకు తెల్దు మామ్మా," అన్నాను. తెలుగులోనే వచ్చింది. "నేనే తప్పు గీసినాను. ఆలది తప్పు కాదు."

"మీ అమ్మ పెళ్ళెక్కడయ్యింది?"

"అది కూడా తెల్దు."

ఆవిడ కర్రతో నా జేబు చూపించింది. "ఫోన్ సెయ్, అడుగు," అంది.

గోడౌన్ లారీ నీడలోకి వెళ్ళి అమ్మకి ఫోన్ చేశాను. నీ పెళ్ళి ఎక్కడ జరిగిందమ్మా అంటే, "ఇప్పుడా అడుగుతావు? పొయ్యి మీద కూరుంది," అంది. నేను మళ్ళీ అడిగేసరికి స్టవ్ ఆపిన చప్పుడు వినిపించింది.

"ఇక్కడే. బారిడీలో మీ తాతకిచ్చిన కోటర్లో. రాత్రంతా బండి, పొద్దున్నే దిగినాం. మీ నాన్నోలు పందిరి బాగా ఏసినారు, ఏటి లోటు లేదు. మమ్మల్ని మాత్రం పక్క కోటర్లో దింపినారు. మగోలు అటూ ఇటూ తిరుగుతా ఉంటే నేను గోడకేసి తిరిగి ట్రంకుపెట్టి మీద కూకున్నాను. దాహమేసీసింది. నీలెవుర్నడగాలో తెల్దు. మా అమ్మ ఎటెల్లిపోయిందో తెల్దు. ఎవురొచ్చి పలకరించినా హిందీయే. మద్దేనం దాకా నీళ్ళు తాగలేదు."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వడిగినావేటి?" అంది అమ్మ. తర్వాత గొంతు మార్చి, "ముందు నీళ్ళు పెట్టు. కాళ్ళకి వేరే, తాగడానికి వేరే. నీడలో కూకోడానికి జాగా. ఒక అద్దం. ఆలమ్మ కూకోడానికి పక్కనే ఇంకో కుర్చీ. మర్చిపోకు," అంది.

ఆ నాలుగు మాటలూ అరచేతి మీద రాసుకుని వచ్చి దాదాకి చెప్పాను. కట్టిన ద్వారం విప్పాలంటే మనుషులు గొణిగారు. ఒకతను ఇనుప కమ్మీ కింద పడేసి, "మేడమ్‌కి ఫోన్ చెయ్యండి," అన్నాడు. దాదా తనే నిచ్చెనెక్కి మొదటి ముడి విప్పాడు. తర్వాత అందరూ ఎక్కారు. ద్వారం మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. పూలు సగం రాలాయి. ఉన్నవాటిని ముందువైపుకి తిప్పి కట్టాం. గుడ్డగోడ కోశాం. పొయ్యిలు కదిలే దారి లేదు కాబట్టి వాటికి అడ్డంగా కొబ్బరాకులు దడిలా కట్టాం. సోఫాలు, కూలర్లు ఉన్న మగపెళ్ళివారి గదిని ఎత్తి రోడ్డు వైపు తెచ్చి, పెళ్ళికూతురి గది చేశాం. ఐదున్నర దాటినా పని అవలేదు. బండి నలభై నిమిషాలు లేటు. మా ఊరొచ్చే రైళ్ళకి మొదటిసారి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

వాళ్ళు వచ్చారు. నాన్నమ్మగారు కర్ర పక్కన పారేసి, కోడలి చెయ్యి పట్టుకుని ఎదురెళ్ళింది. బాజాలు మొదలయ్యాయి. ద్వారం ఒకవైపుకి కొంచెం వంగి ఉంది. అది నాకూ దాదాకీ తప్ప ఎవరికీ కనిపించలేదు.

పెళ్ళికూతురు దాదాపు నా వయసుదే. గదిలో కూర్చుని రెండు గ్లాసుల నీళ్ళు ఆగకుండా తాగింది. వాళ్ళమ్మ సామాన్లు లెక్క చూసుకోవడానికి బయటికి వెళ్ళింది. నేను కూలరు తిప్పుతుంటే ఆ అమ్మాయి నన్నడిగింది, "మీరు ఎవురి తరపండి?"

"డెకరేషన్," అన్నాను.

"ఇక్కడ అందరూ హిందీయేనా అండి?"

"ఇళ్ళల్లో తెలుగే."

"బయట?"

బయట సంగతి ఏం చెప్పను. "వచ్చేస్తుంది," అన్నాను.

"మీకొచ్చుగదా, అదృష్టవంతులు," అంది. అంతలో వదినలో, అక్కలో, ఐదారుగురు ఒక్కసారిగా లోపలికి వచ్చి ఆమె జడ పట్టుకున్నారు. ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటున్నారు. నేను కూలరు వెనకనుంచి బయటికి వచ్చేశాను. అదృష్టమన్న మాట నా వెనకే కొంతదూరం వచ్చింది. హిందీ వచ్చిన ఇన్నేళ్ళలో నా జడ పట్టుకుని నవ్వినవాళ్ళు ఎవరున్నారని లెక్క చూసుకుంటూ మైదానం చుట్టూ ఒకసారి నడిచాను.

పెళ్ళి బాగా జరిగింది. రెండు రోజుల తర్వాత మేడమ్ పిలిచింది. అద్దాలు అప్పటికే బల్ల మీద ఉన్నాయి.

"నాన్నమ్మ ఫోన్ చేసింది. నిన్ను చాలా మెచ్చుకుంది. పిల్ల తప్పు చేసింది, ఒప్పుకుంది, దిద్దింది అని." అద్దాలను వేలితో పక్కకి జరిపింది. "నేను ఈ పనిలో ఇన్నేళ్ళున్నాను. పార్టీ ముందు 'నాకు తెలియదు' అన్న మాట ఎవరి నోటా వినలేదు. రేపు ఆవిడ ఇంకొకరికి చెబుతుంది. వాళ్ళకి ఏం గుర్తుంటుంది? దిద్దామన్నదా, తప్పు చేశామన్నదా?"

ఆవిడ నా లేఔట్ కాగితాన్ని బల్ల మీద పరిచింది.

"డ్రాయింగ్ నీది మంచిది. ఉండు. కానీ లోపలే. మీటింగులకి నువ్వు రావు, సైటుకి వెళ్ళవు. నేను చెప్పింది గీసిస్తే చాలు. నీకూ అదే ఇష్టం కదా?"

అదే ఇష్టం. డిప్లొమాలో చేరిన రోజునుంచి నేను కోరుకున్నది సరిగ్గా అదే. గోడకి ఎదురుగా ఒక బల్ల, స్కేలు, సున్నాలు. అడగకుండానే చేతిలో పెట్టారు. దాన్ని తీసుకుని సంతోషించడానికి ప్రయత్నించాను. గోడకేసి తిరిగి కూర్చున్న అమ్మ కనిపించింది.

"ఉంటాను, మేడమ్," అన్నాను హిందీలో. "ఒక్కటి. ప్రతి లేఔట్ మొదలుపెట్టే ముందు ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద ఆడమనిషితో ఒకసారి మాట్లాడనివ్వండి. ఫోన్లోనే. వాళ్ళ పెళ్ళి ఎలా జరిగిందో అడుగుతాను."

"నువ్వు? మాట్లాడతావా?"

"మాట్లాడతాను."

మేడమ్ అద్దాలు పెట్టుకుంది. ఎదురుగా ఉన్న కొత్త ఫైలు నా వైపు తోసింది. ఒక పంజాబీ కుటుంబం, మనవరాలి పెళ్ళి. ఇంట్లో పెద్దావిడ నంబరు పైనే రాసి ఉంది.

ఆ సాయంత్రం నాన్నకి చెప్పాను, గేట్‌పాస్ వద్దని. "ఉంచుకున్నారా?" అన్నాడు. "హా," అన్నాను. "మరి మొకం అలాగుందేటి?" అన్నాడు. చెప్పాలంటే చాలా చెప్పాలి. అమ్మ కంచం నా ముందుకు జరిపింది.

మర్నాడు నా కొత్త బల్ల దగ్గర కూర్చున్నాను. ముందు గోడ, గోడకి ఒక క్యాలెండరు మేకు, క్యాలెండరు లేదు. కింద గోడౌన్లో దాదావాళ్ళు ఏదో మాటకి గట్టిగా నవ్వుకుంటున్నారు. అడగబోయేదాన్ని కాగితం మీద రాసుకున్నాను, ఒకే ఒక ప్రశ్న. నంబరు నొక్కాను. అటునుంచి ఒక ముసలి గొంతు, "హలో, కౌన్?"

"నమస్తే దాదీజీ, నేను డెకరేషన్ ఆఫీసునుంచి, మీ పెళ్ళి గురించి..." అన్నాను.

"నా పెళ్ళా? అరవై ఏళ్ళు దాటింది బేటీ, ఇన్సూరెన్స్ ఏమీ వద్దు," అని పెట్టేసింది.

ఎవరూ నన్ను చూడటం లేదు. మళ్ళీ నొక్కాను.